పాత బేస్ గిటారుకు కొత్త రంగు వేయించవచ్చా?

ప్రశ్న: 1976 నాటిదంటూ ఒక ఫెండర్ జాజ్ బేస్ అమ్ముతున్నారు. కొని, పికప్‌లు మార్పించి, రంగు వేయించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హొసకోటె

జవాబు: డబ్బు ఇచ్చేముందు కంట్రోల్ ప్లేట్ విప్పించి చూడండి. వాల్యూమ్ పాట్ వెనక 1377633 అని ఉంటే, 137 ఆ పాట్ తయారీదారు సంకేతం, 76 సంవత్సరం, 33 వారం. పాట్ అసలుదే అయితే గిటారు అంతకంటే పాతది కాదు. టంకం కొత్తగా మెరుస్తుంటే మాత్రం ఆ అంకెను నమ్మలేం. ఇక మార్పుల సంగతి. వెనక్కి తిప్పుకోగలిగినవన్నీ చేయించుకోవచ్చు. చెక్క తొలవకుండా సరిపోయే పికప్‌లు పెట్టించి, పాతవి భద్రంగా దాచండి. గీకేసిన రంగు మాత్రం తిరిగిరాదు, దాంతోపాటే విలువా పోతుంది. వాయించడానికే కొంటున్నాను, అమ్మడానికి కాదుగా అంటారేమో. వాయించేవారికి కావలసింది సరైన ఫ్రెట్లు, నట్. కొత్త రంగుతో వాయింపు మెరుగుపడదు.