అధికార విభజనము – మంత్రాలోచనము

ఉత్తర అమెరికాలోని 13 ఆంగ్ల వలస రాజ్యములు 1776వ సంవత్సరమున స్వాతంత్ర్యమును ప్రకటించెను. దూరదేశపు రాజు పాలనలో బాధలుపడిన ఆ ప్రజలు బలమైన ప్రభుత్వమన్నచో భయపడిరి. అందుచేత 1781లో అమలులోనికి వచ్చిన వారి ఉమ్మడి ప్రభుత్వమునకు పన్ను విధించు అధికారమైనను లేకపోయెను. సైనికులకు జీతములిచ్చుటకు ధనము లేదు. అప్పులు తీర్చు మార్గము లేదు. కొన్ని రాష్ట్రములు పొరుగు రాష్ట్రముల సరకులపై సుంకములు విధింపజొచ్చెను. ఇంటిలోని వారందరును తలకొక త్రోవ పట్టినచో ఆ ఇల్లు నిలుచునా?

ఈ చిక్కును తొలగించుటకై 1787లో ఫిలడెల్ఫియా నగరమున ప్రతినిధుల సభ జరిగెను. జార్జి వాషింగ్టను దానికి అధ్యక్షత వహించెను. అచట రచింపబడిన రాజ్యాంగము అధికారమును విభజించెను. యుద్ధము, విదేశములతో సంధులు, నాణెముల ముద్రణము, రాష్ట్రముల నడుమ వర్తకము కేంద్రమునకు చెందెను. పాఠశాలలు, స్థానిక పాలనము మున్నగునవి రాష్ట్రములకు మిగిలెను. పన్నులు విధించుట, న్యాయస్థానములు నెలకొల్పుట ఉభయులకును గలదు. కేంద్రమున కొసగనివి, రాష్ట్రములకు నిషేధింపనివి అగు అధికారములు రాష్ట్రములకు గాని ప్రజలకు గాని చెందునని 1791లో చేర్చిన పదవ సవరణము తెలుపుచున్నది. ఇట్టి ఏర్పాటునకే సమాఖ్య విధానమని పేరు.

1789లో వాషింగ్టను ప్రథమాధ్యక్షుడయ్యెను. విదేశ వ్యవహారములకు థామస్ జెఫర్సనును, ఆర్థిక శాఖకు అలెగ్జాండరు హామిల్టనును, యుద్ధశాఖకు హెన్రీ నాక్సును, న్యాయ విషయములకు ఎడ్మండు రాండల్ఫును నియమించెను. మంత్రివర్గమను మాట ఆ రాజ్యాంగమున కానరాదు. శాఖాధిపతుల అభిప్రాయములను అధ్యక్షుడు వ్రాతమూలముగా కోరవచ్చునని మాత్రమే యున్నది.

1791లో ఆ నియమము అక్కరకు వచ్చెను. జాతీయ బ్యాంకును స్థాపించు బిల్లును కాంగ్రెసు ఆమోదించి అధ్యక్షుని సంతకమునకు పంపెను. రాజ్యాంగమున బ్యాంకు ప్రస్తావనయే లేదు. వాషింగ్టను ముగ్గురి అభిప్రాయములను వ్రాయించుకొనెను. రాండల్ఫు, జెఫర్సను కూడదనిరి. పేర్కొనని అధికారమును చేపట్టినచో కేంద్రమునకు ఇక హద్దుండదని జెఫర్సను వాదము. ఒక పనిని అప్పగించినప్పుడు అందులకు తగిన సాధనమును గూడ అప్పగించినట్లేయని హామిల్టను వాదము. ఇరువురు కాదన్నను వాషింగ్టను సంతకము చేసెను. అచట మంత్రులు సలహా చెప్పుదురు, నిర్ణయభారము అధ్యక్షునిదే.

ఆ బ్యాంకు గడువు 1811లో తీరెను. 1816లో రెండవ జాతీయ బ్యాంకు ఏర్పడెను. మేరీలాండు రాష్ట్రము దానిపై పన్ను విధింపగా బ్యాంకు ఉద్యోగి చెల్లింప నిరాకరించెను. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు చేరెను. బ్యాంకు స్థాపనము సక్రమమే యనియు, దేశమంతటికిని చెందిన సంస్థను ఒక రాష్ట్రము పన్నుతో అణచరాదనియు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షలు 1819లో తీర్పు చెప్పెను.

నాడు నాలుగు పదవులతో ఆరంభమైన ఆ మంత్రివర్గమున నేడు 15 శాఖల అధిపతులు గలరు. వారి నియామకమునకు సెనేటు సమ్మతి వలయును. మన కేంద్ర మంత్రివర్గము లోక్‌సభకు బాధ్యత వహించును; అమెరికా మంత్రులు కాంగ్రెసు సభ్యులుగా ఉండరాదు, వారు అధ్యక్షునికే జవాబుదారులు.

కేంద్రమునకు హద్దెచ్చట అను ప్రశ్న నేటికిని అచటి న్యాయస్థానముల ముందుకు వచ్చుచునే యున్నది. తనకు నచ్చిన మాటనే గాక నచ్చని మాటను గూడ విని నిర్ణయించుట పాలకుని ధర్మము. ఆ నిర్ణయము హద్దు మీరినదా యని విచారించుట న్యాయస్థానము ధర్మము. ఈ రెండును నిలిచిననాడే పంచిన అధికారము ప్రజలకు రక్షయగును.