సీటు స్టుట్‌గార్ట్‌లో, పని హైదరాబాద్‌కి

మేడమ్, మాది తెనాలి. బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. హైదరాబాద్‌లో నేను ఇంటర్న్‌గా చేరిన కంపెనీ, ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు కోసం ఆరు నెలలకి జర్మనీలోని స్టుట్‌గార్ట్ ఆఫీసుకి పంపింది. నాన్న వీధంతా స్వీట్లు పంచారు. వీసా, టికెట్టు, ఇంటి అడ్వాన్సు కోసం అప్పు కూడా చేశారు.

తీరా వచ్చాక నా పనేమిటో నాకే తెలియడం లేదు. టీమ్ మీటింగు ఇంగ్లిష్‌లో మొదలై కాసేపటికే జర్మన్‌లోకి వెళ్లిపోతుంది. నేను నేర్చుకొచ్చిన కాస్త జర్మన్ ఇక్కడి ష్వేబియన్ యాస ముందు ఎందుకూ పనికిరావడం లేదు. పన్నెండవగానే అందరూ క్యాంటీన్‌కి లేస్తారు, నన్ను రమ్మని ఒక్కరూ అనరు. డబ్బాలో తెచ్చుకున్న పప్పన్నం సీట్లోనే తినేస్తాను. హైదరాబాద్ మేనేజర్ గారు మాత్రం వదలరు. అక్కడ పదింటికి జరిగే కాల్ కోసం ఇక్కడ తెల్లవారుజామున ఐదున్నరకే లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. ఆ తర్వాత ఆఫీసు. ఇంటికొచ్చాక రాత్రి ఎనిమిదిదాకా మళ్లీ హైదరాబాద్ వాళ్ల టెస్టింగ్ పనే. పక్క సీట్లోని జర్మన్ విద్యార్థికి నాకంటే ఎక్కువ ఇస్తారట. అమ్మకి బాగున్నానని చెప్తున్నాను. వచ్చేద్దామంటే ప్రాజెక్టు మార్కులు పోతాయి, నాన్న తలెత్తుకోలేరు. ఏం చేయమంటారు?

- ఒక విద్యార్థి, స్టుట్‌గార్ట్

బాబూ, నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది క్యాంటీన్ కాదు, ఆ ఐదున్నర కాల్. రాత్రి ఎనిమిదికి పని ఆపి తెల్లవారుజామున ఐదున్నరకి మొదలుపెడితే మధ్యలో మిగిలేది తొమ్మిదిన్నర గంటలు. జర్మనీ పనివేళల చట్టం ప్రకారం ఒకరోజు పని ముగిశాక మళ్లీ మొదలయ్యేలోపు కనీసం 11 గంటల విరామం ఉండాలి. రోజుకి 10 గంటలు మించి పని చేయించకూడదు. హైదరాబాద్ మేనేజరుకి ఈ సంగతి తెలియకపోవచ్చు, స్టుట్‌గార్ట్ మేనేజరుకి తప్పకుండా తెలుసు. నువ్వు రెండు ఆఫీసులకీ పనిచేస్తున్నావన్నదే బహుశా ఆయనకి తెలియదు.

ఒక్కసారి మీ టీమ్ వాళ్ల వైపు నుంచి చూడు. తన సీటు వదలకుండా, అన్నం కూడా అక్కడే తినే కుర్రాడు. ఇతనికి బోలెడు పని ఉంది, మనం కదిలించకూడదు అనుకుంటారు. మన దగ్గరైతే ఎవరో ఒక సీనియర్ వచ్చి ‘పదరా, టీ తాగొద్దాం’ అంటాడు. అక్కడ అడగనిదే ఒకరి పనిలో తలదూర్చకపోవడమే మర్యాద. దాన్ని చిన్నచూపు అనుకుని నువ్వు నలిగిపోతున్నావు. రేపు పన్నెండింటికి ‘నేనూ రావచ్చా’ అని అడిగి వాళ్లతో లేచి వెళ్లు. నీ డబ్బా తీసుకెళ్లినా పరవాలేదు.

దానికంటే ముందు చేయాల్సింది, మీ స్టుట్‌గార్ట్ మేనేజర్ క్యాలెండర్‌లో అరగంట అడగడం. అక్కడ దారిలో ఆపి చెప్పడంకన్నా ముందుగా సమయం తీసుకుని కూర్చోవడాన్నే మెచ్చుకుంటారు. నీ వారం ఎలా గడుస్తోందో గంటలతో సహా ఒక కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టు. ఫిర్యాదులా కాదు, లెక్కలా. ప్రాజెక్టుకి కావలసిన ఒక్క పని, మొదటి నుంచి చివరిదాకా నీదే అనిపించే పని ఇమ్మని అడుగు. హైదరాబాద్‌కి ఎన్ని గంటలు, స్టుట్‌గార్ట్‌కి ఎన్ని గంటలు అన్నది మేనేజర్లిద్దరూ మాట్లాడుకుని మెయిల్‌లో పెట్టాలి. ఇద్దరి మధ్యా నువ్వు రాయబారం చేయకు, ఆ బరువు నీ వయసుకి తగదు. వాళ్లు దాటవేస్తే హెచ్ఆర్ ఉంది. చాలా కంపెనీల్లో ‘బెట్రీబ్స్‌రాట్’ అనే ఉద్యోగుల మండలి కూడా ఉంటుంది.

డబ్బు విషయంలో తొందరపడి మనసు పాడుచేసుకోకు. జర్మనీలో 2015 నుంచి కనీస వేతన చట్టం ఉంది కానీ, చదువులో తప్పనిసరి భాగమైన ఇంటర్న్‌షిప్‌కి అది వర్తించదు. ఆ జర్మన్ అబ్బాయి ‘వెర్క్‌స్టూడెంట్’ అయి ఉండవచ్చు. వాళ్లు చదువుతూ వారానికి మామూలుగా 20 గంటల లోపు పనిచేసే ఉద్యోగులు, వాళ్ల ఒప్పందమే వేరు. నీ ఒప్పందంలో ఏమని రాశారో చదువు.

అక్కడి నుంచి వచ్చేసేటప్పుడు ‘సాయ్‌గ్నిస్’ అడగడం మరిచిపోకు. అది మన దగ్గర ఇచ్చే ఒక పేజీ సర్టిఫికెట్ లాంటిది కాదు. నువ్వు ఏ పనులు చేశావో, ఎలా చేశావో వివరంగా రాసిస్తారు. ఇప్పుడు అడిగి తీసుకున్న పనే రేపు అందులోకి ఎక్కుతుంది.

అమ్మకి ఇవాళే నిజం చెప్పు. నాన్న పరువు గురించి నువ్వు పడుతున్న బెంగ ఆయనకి తెలిస్తే పంచిన స్వీట్ల మాట ఆయనే మరిచిపోతారు. అప్పు గురించి కూడా ఆయనతోనే మాట్లాడు.

ఇవన్నీ చేశాక నెలరోజులు చూడు. అప్పటికీ పని రాకపోయినా, ఆ తెల్లవారుజాము కాల్ ఆగకపోయినా నిస్సంకోచంగా వచ్చేయ్. ముందు కాలేజీ ప్రాజెక్టు గైడ్‌కి రాసి, మిగతా సెమిస్టర్ హైదరాబాద్ ఆఫీసులో పూర్తిచేసే వీలుందేమో కనుక్కో. నీ వీసా ఈ ఇంటర్న్‌షిప్‌తో ముడిపడింది కాబట్టి మధ్యలో ఆపితే అక్కడి విదేశీయుల కార్యాలయానికి తెలియజేయాలి. టికెట్టు ఆ తర్వాతే కొను.