గోరింటాకు – కేశరక్షణ

"డాక్టరుగారూ, నెలనెలా గోరింటాకు పెట్టుకొంటే జుట్టు రాలుట ఆగుతుందా?" నా వైద్యశాలకు వచ్చే గృహిణులలో వారానికి ఒకరైనా ఈ ప్రశ్న అడుగుతారు. 1994కు ముందైతే తడుముకోకుండా "ఆగుతుందమ్మా" అని చెప్పేవాడిని. ఇప్పుడు అలా చెప్పను. గోరింటాకు వలన వెంట్రుకకు కలిగే మేలు నిజమైనదే. ఆ మేలు ఎంతవరకు వెళ్లి ఎక్కడ ఆగుతుందో తెలిసి వాడుకొనుట అవసరం.

మన నిఘంటువులలో గోరింటకు మదయంతిక అనే పేరు కలదు. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని లాసోనియా ఇనర్మిస్ అంటారు. దీని రసం తిక్త కషాయాలు, గుణం లఘు రూక్షాలు, వీర్యం శీతం. ఇంటి భాషలో చెప్పవలెనంటే చేదు, వగరు కలిసిన ఆకు; తేలికైనది, పొడిబార్చునది, చలువ చేయునది. ఈ మాటలు గుర్తుంచుకొంటే ఎవరికి ఇది మేలు చేస్తుందో, ఎవరికి చేయదో చాలావరకు మీరే తేల్చుకోవచ్చును.

ఆకులో లాసోన్ అనే ఎర్రని రంగు పదార్థం కలదు. ఎండుటాకులో నూటికి సుమారు అరపాలు మొదలు రెండు పాళ్ల వరకు ఉంటుంది. వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తుతో నిర్మితమైనది. లాసోన్ ఆ కెరాటిన్‌ను గట్టిగా పట్టుకొంటుంది. అరచేతి పండు రెండు మూడు వారాలలో పోవుటకు కారణం చర్మం పైపొర రాలిపోతూ ఉండుటయే. వెంట్రుకకు అలా రాలిపోయే పొర లేదు గనుక రంగు నిలిచిపోతుంది. వెంట్రుక పైభాగం చేప పొలుసులవలె ఒకదానిపై ఒకటి పరుచుకొని ఉంటుంది. ఎండకు, గట్టి దువ్వెనకు, ఘాటైన షాంపూలకు ఆ పొలుసులు లేచి వెంట్రుక గరుకుబారుతుంది, మధ్యలో తెగుతుంది. గోరింటాకు దానిపై సన్నని పూతవలె నిలిచి గరుకుతనాన్ని తగ్గిస్తుంది. వెంట్రుక కొంచెం దళసరి అయినట్లు చేతికి తెలుస్తుంది.

ఇంతవరకే గోరింటాకు అధికారం. మనకు కనిపించే వెంట్రుక జీవం లేనిది. జీవం ఉన్నది చర్మం క్రింద, రోమకూపంలో. ఆయుర్వేదం కేశాలను అస్థిధాతువు యొక్క మలంగా చెప్పినది. తిన్న ఆహారం రసమై, రక్తమై, వరుసగా అస్థి వరకు చేరిన తరువాతనే కేశానికి పోషణ. వాతంతో కూడిన పిత్తం రోమకూపాన్ని చేరి వెంట్రుకను వదులు చేస్తుందని, పిమ్మట రక్తంతో కూడిన కఫం ఆ కూపాన్ని మూసివేస్తుందని సుశ్రుతుని వివరణ. తలపై పూసిన ముద్ద తలవేడిని తగ్గించి కొంత హాయి కలిగించగలదు. క్రింద రక్తమే చాలనప్పుడు పైపూత ఏమి చేయగలదు?

ఈ సంగతి నేను గురుకులంలోనే విన్నాను. ఒంటికి పట్టినది మాత్రం ఒక రోగి వలన.

1994 ఆషాఢంలో ముప్పై నాలుగేళ్ల ఉపాధ్యాయురాలు ఒకామె నా వద్దకు వచ్చినది. దువ్వెనకు గుప్పెడు వెంట్రుకలు వస్తున్నవని, జడ సగమైనదని చెప్పినది. ఒంటివేడి, మధ్యాహ్నం తల తిరుగుట కూడా చెప్పినది. పిత్తమని నిర్ణయించి, వారానికొకసారి గోరింటాకు, ఉసిరిక కలిపి తలకు పట్టించమన్నాను. నెల తరువాత వచ్చి, "కొంచెం ఒత్తుగా ఉన్నట్లున్నదండీ" అన్నది. నేనూ సంతోషించాను. రాలుట ఆగలేదు, ఉన్న వెంట్రుకలు పూతవలన దళసరిగా కనిపించినవి, అంతే. ఆ కనిపించుట మమ్మల్ని ఇద్దరినీ మోసగించినది. ఇలా నాలుగు నెలలు గడిచినవి.

మా గురువుగారు రోగి కూర్చోగానే గోళ్లు, కంటి క్రిందిరెప్ప, నాలుక చూడమనేవారు. నేను గోళ్లు చూడకపోలేదు. అవి ఎర్రగా పండి ఉన్నవి! ఆషాఢమాసపు గోరింటాకు, పిమ్మట అట్లతద్ది గోరింటాకు. ఆ ఎరుపు క్రింద గోరు తెల్లబారినదో లేదో నాకు కనిపించలేదు. కనిపించలేదు గనుక రెప్ప క్రిందికి లాగి చూచుట కూడా మానివేశాను. కార్తీకంలో ఆమె మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినప్పుడు రెప్ప తిప్పి చూచితిని. సున్నపు గోడవలె ఉన్నది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7 గ్రాములు. నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు అధికంగా పోతున్న సంగతి ఆమె సిగ్గుపడి చెప్పలేదు, నేను అడగలేదు. స్త్రీవైద్య నిపుణురాలి వద్దకు పంపి, ఆమె చికిత్సతోపాటు పాండురోగానికి నా మందులు నడిపించాను. వెంట్రుకలు రాలుట తగ్గుటకు మరి అయిదు నెలలు పట్టినది. మొదటి రోజే రెప్ప చూచి ఉంటే ఆమెకు నాలుగు నెలల ఆయాసం తప్పేది.

అందుచేత నా వద్దకు వచ్చే ఆడపిల్లలకు ఇప్పటికీ చెబుతాను: వైద్యుని వద్దకు వచ్చేటప్పుడు రెండు గోళ్లయినా గోరింటాకు, రంగు లేకుండా ఉంచండి అని. రోజుకు యాభై నుండి నూరు వెంట్రుకల వరకు రాలుట సహజం. ప్రసవం తరువాత, పెద్ద జ్వరం తరువాత రెండు మూడు నెలలకు ఒక్కసారిగా రాలి, క్రమంగా తిరిగి వచ్చుట కూడా సాధారణమే. అలాంటి కారణం లేకుండా రాలుతున్నా, ఆయాసం, నీరసం, నెలసరి తేడా, బరువులో మార్పు తోడైనా, గోరింటాకు కంటే ముందు రక్తం, థైరాయిడ్ పరీక్ష చేయించుకొనవలెను.

ఇక వాడుకొనే విధానం. పెరటిలో చెట్టు ఉన్నవారు అదృష్టవంతులు. లేత ఆకు కంటే ముదురు ఆకు మంచిది. నీడలోనే ఎండబెట్టి, దంచి, పలుచని నూలుబట్టతో వస్త్రగాళితం చేసుకొని, గాలి చొరని సీసాలో చీకటి చోట ఉంచవలెను. ఎండలో పెట్టిన ఆకు, ఏడాది దాటిన పొడి గోధుమరంగుకు తిరిగి నిస్సారమవుతుంది.

కొనేవారు జాగ్రత్తగా ఉండవలెను. బజారులో దొరికే పొడిలో అధికభాగం రాజస్థాన్‌లోని పాలీ జిల్లా సోజత్ ప్రాంతం నుండి వచ్చునదే. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. అయితే పొట్లంపై ఊరి పేరు ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది అదే అనుకోరాదు. మంచి పొడి కాస్త మట్టిరంగు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. ఎండుగడ్డి వాసన వేస్తుంది. చిలుకపచ్చగా మెరిసిపోతే అనుమానించవలెను. గాజుగ్లాసు నీటిలో చెంచాడు పొడి కలిపి కదల్చకుండా ఉంచితే ఇసుక అడుగుకు దిగుతుంది. తెల్లని కాగితంపై చిటికెడు తడిపొడి ఉంచితే నెమ్మదిగా నారింజ గోధుమరంగు అంచు రావలెను. వెంటనే చిక్కటి పచ్చరంగు పారితే అది కలిపిన రంగు.

"నల్ల గోరింటాకు" అని అమ్మేదాని విషయంలో మరింత జాగ్రత్త అవసరం. గోరింటాకు ఒక్కటే ఎన్నటికీ నలుపు ఇవ్వదు. పావుగంటలో నల్లబరిచే పొడిలో సాధారణంగా పారాఫెనిలీన్ డయమిన్ అనే రసాయనం ఉంటుంది. అది పడనివారికి తల, చెవులు, కనురెప్పలు వాచి నీరుకారుతాయి. ఒకసారి పడలేదంటే జీవితాంతం పడదు. సహజమైన నలుపు కావలసినవారు ముందు గోరింటాకు పెట్టి కడిగి, ఆ తరువాత నీలిఆకు పొడిని గోరువెచ్చని నీటితో కలిపి, పులుపు చేర్చకుండా, వెంటనే పట్టించి గంటన్నర ఉంచవలెను. మొదట పచ్చగా కనిపించినా ఒకటి రెండు రోజులలో నల్లబడుతుంది.

ఏ పొడి అయినా తొలిసారి వాడేటప్పుడు కొంచెం ముద్దను మోచేతి లోపలివైపు పూసి ఆరిన పిమ్మట కడిగి, రెండు రోజులు ఆగి చూడండి. దురద, దద్దుర్లు లేకపోతేనే తలకు.

భుజాల వరకు ఉన్న జుట్టుకు 100 గ్రాముల పొడి, నడుము వరకు ఉంటే 200 నుండి 250 గ్రాములు పడుతుంది. తెల్ల వెంట్రుకలకు రంగు ముఖ్యమనుకొన్నవారు గోరువెచ్చని టీ డికాక్షన్‌తో దోసెపిండి కంటే కొంచెం గట్టిగా కలిపి, అరచెక్క నిమ్మరసం పిండి, ఆరు నుండి ఎనిమిది గంటలు నానబెట్టవలెను. కొద్దిపాటి పులుపు రంగును నెమ్మదిగా, బాగుగా విడిపిస్తుంది. వేసవిలో అంతసేపు అక్కరలేదు. తలకు నూనె ఉంటే రంగు పట్టదు గనుక ముందురోజు తలంటుకొని, ఆరిన జుట్టును పాయలుగా విడదీసి పట్టించి, గంటన్నర రెండు గంటలు ఉంచవలెను.

ఇనుప మూకుడులో నానబెట్టే ఆచారం కలదు. వగరు పదార్థం ఇనుముతో కలిసి ముదురురంగు ఇస్తుంది. ఉసిరిక పొడి చేర్చితే మరింత నల్లబడుతుంది. రంగు కొరకు చేసుకొనవచ్చును. అయితే తలకు పట్టించిన ఇనుము రక్తానికి చేరదు. ఆ పని తోటకూర, మునగాకు, నువ్వులు, వైద్యుడిచ్చిన మందు చేయవలెను.

రంగు అక్కరలేదు, జుట్టు మెత్తబడితే చాలుననుకొనేవారి పద్ధతి వేరు. ఇక్కడ రూక్షగుణాన్ని మరువరాదు. ఒట్టి గోరింటాకును వారం వారం పెట్టుకొంటే పొడిజుట్టు మరింత కొబ్బరిపీచు అవుతుంది. అటువంటివారు రెండు చెంచాల మెంతులు రాత్రి పెరుగులో నానవేసి రుబ్బి, గుప్పెడు మందారాకులు కూడా నూరి, 100 గ్రాముల గోరింటాకు పొడికి చేర్చవలెను. మెంతులలోని, మందారంలోని జిగురు వెంట్రుకకు నునుపు ఇస్తుంది. అరగంట, మహా అయితే ముప్పావు గంట చాలును. కోడిగుడ్డు, కాఫీపొడి, నిమ్మకాయ, వేపాకు, లవంగాలు, ఆపైన పత్రికలో చదివిన మరో పది వస్తువులు ఒకే గిన్నెలో వేసేవారిని చూస్తుంటాను. అది పూత కంటే పులుసుకు దగ్గర. తలపై దురద పుడితే ఏ వస్తువు వలన పుట్టినదో చెప్పుట ఎవరి తరమూ కాదు.

కడిగేరోజు నీటితోనే కడగవలెను. మరునాడు గోరువెచ్చని నూనె రాసి, ఆ పై రోజు కుంకుడురసంతోనో శీకాయతోనో తలంటుకొనవలెను. పూత నాలుగు నుండి ఆరు వారాలకు ఒకసారి. రంగు కొరకు పెట్టుకొనేవారు ప్రతిసారీ మొదలు వద్ద కొత్తగా వచ్చిన తెలుపుకే పెడితే చాలును. చివరల వరకు పదేపదే పట్టిస్తే ఆ చివరలు బిరుసెక్కి తెగుతాయి.

పడిశం, పీనసం, తలబరువు తరచుగా వచ్చే కఫప్రకృతివారికి శీతవీర్యమైన ఈ ముద్దను గంటలకొద్దీ తలపై ఉంచుట సరిపడదు. వారు ఎండగా ఉన్న మధ్యాహ్నం అరగంట మాత్రమే ఉంచుకొని, కడిగి, వెంటనే జుట్టు ఆరబెట్టుకొనవలెను. ఉబ్బసం లేనివారైతే సాంబ్రాణి ధూపం వేసుకొనవచ్చును. రసాయనపు రంగులు వేయించుకొన్నవారు ముందుగా నాలుగు వెంట్రుకలపై పరీక్షించి చూచుకొనుట మంచిది.

చంటిబిడ్డలకు మాత్రం తలకు గాని, అరచేతులకు, అరికాళ్లకు గాని పెట్టరాదు. ముద్దుకోసం కూడా వద్దు. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించిన పిల్లలు కొందరుంటారు, చూస్తే తెలియదు. అటువంటి పసివారికి గోరింటాకు పూసినప్పుడు ఎర్ర రక్తకణాలు చిట్లి కామెర్లు, తీవ్రమైన రక్తహీనత వచ్చిన సందర్భాలు వైద్యగ్రంథాలలో నమోదై ఉన్నవి. ఆ లోపం ఉన్నదని తెలిసిన పెద్దవారు కూడా దూరంగా ఉండవలెను.

పూతవలన పొడిబారే జుట్టుగలవారికి నేను ఎక్కువగా సూచించేది గోరింటాకు తైలం. తైలపాకంలో కల్కం ఒక పాలు, నూనె నాలుగు పాళ్లు, ద్రవం పదహారు పాళ్లు. ఇంటి లెక్కలో పచ్చి గోరింటాకు ముద్ద 50 గ్రాములు, నువ్వులనూనె 200 గ్రాములు, నీరు 800 గ్రాములు. తలవేడి అధికంగా ఉన్నవారు కొబ్బరినూనె తీసుకొనవచ్చును. మందమైన అడుగుగల గిన్నెలో మూడూ వేసి, సన్నని మంటపై గరిటెతో కలుపుతూ నీరంతా ఇగిరేవరకు కాచవలెను. తొందరపడి మంట పెంచితే ఆకు మాడి నూనె కమురువాసన వేస్తుంది. ఆకుముద్దను కొంచెం తీసి చల్లార్చి రెండు వేళ్లతో నలిపితే వత్తివలె రావలెను. దానిని మంటకు చూపితే చిటపట శబ్దం రాకూడదు. శబ్దం వస్తే ఇంకా నీరున్నదని అర్థం, ఆ నూనె బూజుపడుతుంది. నూనెపై నురుగు పుట్టుట పాకం పూర్తయిన గుర్తు. వెంటనే దించి, వేడి తగ్గకముందే బట్టలో వడకట్టి, తడిలేని గాజుసీసాలో పోసుకొనవలెను. వారానికి రెండుసార్లు, స్నానానికి గంట ముందు, వేలికొనలతో మెల్లగా మర్దించవలెను. ఒక విడతకు ఇంతకంటే ఎక్కువ కాచి ఉంచుకోవద్దు. మూడు నెలలకు సరిపడా మాత్రమే చేసుకొని, వాసన మారిన నూనెను దీపానికి వాడుకొనండి.