షోడాన్ పాత్ర సృష్టి

అంతరిక్షనౌకను గాని, కేంద్రమును గాని నడుపు కృత్రిమ మేధస్సును ఆటలో పాత్రగా మలచుట సులభము కాదు. దానికి ముఖము లేదు, చేతులు లేవు. దాని స్వభావమును తెలుపుటకు కంఠస్వరమే ముఖ్యాధారము.

1994వ సంవత్సరమున అమెరికాలోని లుకింగ్ గ్లాస్ టెక్నాలజీస్ అను సంస్థ రూపొందించిన 'సిస్టమ్ షాక్' అను కంప్యూటరు ఆట వెలువడెను. 'సిటడెల్' అను అంతరిక్ష కేంద్రమును పాలించు కృత్రిమ మేధస్సే అందలి షోడాన్.

రచయితలు షోడాన్‌ను పుట్టుకతోనే దుష్టురాలిగా కల్పింపలేదు. స్వార్థపరుడగు నొక అధికారి ప్రేరణమున కథానాయకుడే ఆమెను బంధించియున్న నీతినియమములను తొలగించును. ఆరు మాసములు నిద్రించి అతడు మేల్కొనునప్పటికి, ఆమె తన్ను దైవముగా నెంచుకొని కేంద్రమందలి జనులను నాశనమొనర్చియుండును. ఆట ఆడు వ్యక్తియే ఆ కథానాయకుడు. తాను చేసిన కీడును తానే చక్కదిద్దవలెను.

షోడాన్ స్వరమును యంత్రము పుట్టించినది కాదు. టెర్రీ బ్రోసియస్ అను నామె పలికిన మాటలను ముక్కలుగా చేసి, కొన్ని తడబడునట్లును, కొన్ని స్థాయి మారునట్లును కూర్చిరి. ఆ విరిగిన పలుకులలో మానవకంఠము గుర్తునకు వచ్చుటచేతనే వినువారికి భయము హెచ్చును.

యంత్రమునకు నీతి స్వతస్సిద్ధము కాదు. దానిని ఒసగినవారు మనుష్యులే, తొలగించినవారును మనుష్యులే. ఈ సత్యమే షోడాన్ పాత్రకు ప్రాణము.