ఆశు శబ్దము – అర్థము, వ్యవహారము

ప్రాచ్యకళాశాలల పోటీలలో ‘ఆశుభాషణము’ అను అంశము చిరకాలముగా నున్నది. దానికి విద్యార్థులను పంపునపుడు ‘ఇది ఆశువు, దీనికి సిద్ధపడవలసిన పని లేదు’ అను మాట అధ్యాపకుల నోటనే తఱచుగా వినబడును. ఆశువనగా ముందు సిద్ధము చేసికొననిది అను అర్థము ఈ విధముగా స్థిరపడుచున్నది. శబ్దము ఆ యర్థమునకు అంగీకరించునా యనునదే యిచట విచార్యము.

ఉణాదులలో మొట్టమొదటి సూత్రముననే ఈ శబ్దము సిద్ధించుచున్నది. కారు, వాయు, స్వాదు, సాధు శబ్దములతోపాటు, వ్యాప్త్యర్థకమగు అశూ ధాతువునకు ఉణ్ ప్రత్యయము చేరగా, ణిత్త్వముచే ఉపధకు వృద్ధి కలిగి ‘ఆశు’ అయినది. వైదిక నిఘంటువున నిది అశ్వనామములలోను, క్షిప్రనామములలోను గూడ పఠింపబడినది. అమరసింహుడు దీనిని శీఘ్రవాచకములలో చేర్చుటయే గాక, వైశ్యవర్గమున ఒక వరిధాన్యమునకు పేరుగా గూడ చెప్పెను. వంగదేశమున నేటికిని ‘ఆవుస్’ అని పిలువబడు, త్వరగా పండు వరి పేరు దీనినుండి వచ్చినదే. గుఱ్ఱమైనను, ధాన్యమైనను, ఎచటను సిద్ధపాటు లేకపోవుట యను అర్థము లేదు. త్వరగా పండు వరికిని దుక్కి, విత్తనము, నీరు కావలసినవే గదా!

సంస్కృతమున ‘ఆశు వదతి’ యన్నచో త్వరగా మాటలాడుచున్నాడని మాత్రమే యర్థము. అందు కవిత్వప్రసక్తి లేదు. తెలుగున మాత్రము ఆశుకవిత్వ మను సమాసము వ్యాప్తి నంది, సత్యభామను భామ యన్నట్లు నామైకదేశన్యాయముచే పూర్వపద మొక్కటియే సమాసార్థము నంతను మోయసాగినది. ‘ఆయన ఆశువు చెప్పెను’ అను వాక్యము అచ్చముగా తెలుగువారిది. దానిని యథాతథముగా సంస్కృతమున చెప్ప వీలుపడదు.

ఈ తెలుగు అర్థమునకు గల హద్దు తెలియుటకు అష్టావధానముకంటె మంచి నిదర్శనము లేదు. సమస్య, దత్తపది, వర్ణన, నిషిద్ధాక్షరి వీనిలో ఏ యొక్కటియు అవధానికి ముందుగా తెలియదు. నిషిద్ధాక్షరియందైతే పృచ్ఛకుడు అడుగడుగున అక్షరమును నిషేధించుచుండగా, తరువాతి యక్షరమేదో కవికే తెలియదు. సిద్ధము చేసికొనకుండుటయే ఆశువైనచో ఇవన్నియు ఆశువులే కావలెను. అయినను ఆ పేరు ఒక్క అంశమునకే కలదు. తక్కినవి సాధారణముగా పాదము చొప్పున ఆవృత్తులలో సాగి, తుదకు ధారణకు వచ్చును. విషయ మిచ్చిన వెంటనే ఆగక పద్యమును పూర్తిగా చెప్పునది మాత్రమే ఆశువు. అనగా అవధానసంప్రదాయము ఈ పదమును ధారకు, వేగమునకు కేటాయించినది. కొప్పరపు సోదరకవులకు ఆశుకవు లను ప్రసిద్ధి విశేషముగా వచ్చుటకును ఈ ధారయే కారణము. తిరుపతి వేంకట కవులతో వారికి గలిగిన వివాదములు వేఱు సంగతి.

ముందు అనుకొననిది అను అర్థమే కావలసినచో ‘అప్పటికప్పుడు’ అను చక్కని తెలుగు మాట యున్నది. ఉన్నదానిని సందర్భమునకు తగినట్లు మార్చుకొనుటకు మీమాంసకుల ‘ఊహ’ కలదు. ప్రకృతియాగమున అగ్నిని పేర్కొను మంత్రమును సూర్యదేవతాకమగు వికృతియందు చెప్పునపుడు, అగ్నిపదస్థానమున సూర్యపదము నుంచుట వంటి దిది. జైమిని తొమ్మిదవ యధ్యాయమున ప్రధానముగా విచారించిన దీనినే. తెలుగున ఊహ యనగా తలపు, అంచనా యను అర్థములే మిగిలినవి. పతంజలి వ్యాకరణప్రయోజనములలో ఊహను రెండవదిగా లెక్కించుట గమనింపదగినది. విభక్తులు తెలియనివాడు మంత్రమును మార్చలేడు.

ప్రతిభ యున్నచో చాలు నను వాదము కలదు. మమ్మటుడు శక్తి, నైపుణ్యము, అభ్యాసము అను మూటిని చెప్పి, హేతువని ఏకవచనమున నిర్దేశించెను. మూడును కలిసి ఒకటే కారణ మగునుగాని విడివిడిగా కాదు. అమరము, శబ్దములు, వృత్తలక్షణములు కంఠస్థము కాని విద్యార్థికి ఐదు నిమిషముల వ్యవధి యిచ్చినను, గంట యిచ్చినను భేద ముండదు.

కనుక ఆలోచించుకొనుటకు వ్యవధి యిచ్చు పోటీలకు ఆశుశబ్దమును విడుచుట మేలు. ఆ పేరే యుంచదలచినచో విషయమును వేదికపైననే యిచ్చి, మార్కులలో ఒక భాగమును ఆగక చెప్పిన ధారకు ప్రత్యేకింపవలెను.