నిర్వచనం దగ్గర ఆగిపోకు

చిరంజీవి చిన్నికి,


సీఈసీలో చేరావని, అర్థశాస్త్రం నిర్వచనాలు ఎంత చదివినా బుర్రకెక్కడం లేదని రాశావు. నేను చెప్పేది ఒకటే తల్లీ: ప్రతి సూత్రం వెనకా ఎవరో ఒకరు ఏం చేయాలో తేల్చుకుంటూ ఉంటారు. వాళ్ల లెక్క తెలిస్తే సూత్రం దానంతటదే బోధపడుతుంది.

మదనపల్లె టమాటానే తీసుకో. 2023 జులైలో అక్కడి మార్కెట్లో కిలో వంద దాటింది. సెప్టెంబరు వచ్చేసరికి కర్నూలు వైపు రైతులు గిట్టుబాటు కాక పంటను రోడ్డు పక్కన పారబోశారు. ఎందుకిలా?

ధర పెరిగినా పప్పులోకి, చారులోకి టమాటా కొనడం మనం అంతగా తగ్గించం. దాన్నే అవ్యాకోచ డిమాండ్ అంటారు. సరుకేమో అప్పటికప్పుడు పెరగదు. నారు నాటాక కోతకు రెండు నెలలకు పైనే పడుతుంది. అందుకే కాస్త కొరత వచ్చినా ధర చుక్కలనంటుతుంది. ఆ ధర చూసి ఊరూరా టమాటాయే నాటుతారు. పంటంతా ఒక్కసారే మార్కెట్‌ మీద పడి ధర కుప్పకూలుతుంది. ఈ ఎగుడుదిగుళ్ల వివరణకే 1934లో నికొలస్ కాల్డార్ సాలెగూడు సిద్ధాంతమని పేరు పెట్టాడు.

ధర పడినప్పుడు కొందరు పండిన తోటను కోయకుండా వదిలేస్తారు. అందులో బాధ ఉంది, లెక్కా ఉంది. నారుకు, ఎరువులకు, ఊతకర్రలకు పెట్టిన డబ్బు కోసినా కోయకపోయినా తిరిగిరాదు. ఇప్పుడు చూడాల్సింది బాక్సుకు పలికే ధర కోత కూలికి, బండి బాడుగకు, మండీ కమిషన్‌కు సరిపోతుందా అన్నదే. సరిపోకపోతే కోసినకొద్దీ నష్టం. కోత నిర్ణయం వరకు చూస్తే, ముందే పెట్టేసిన ఆ డబ్బు పుస్తకంలోని స్థిర వ్యయం లాంటిది; కోత, బాడుగ, కమిషన్ ఖర్చులు చర వ్యయాలు. అదే చేలో వేరుశనగ వేసుంటే ఎంత మిగిలేదో, అది టమాటాకు అవకాశ వ్యయం. ఏ రసీదులోనూ కనిపించదు గానీ వచ్చే పంట ఏదో నిర్ణయించేది అదే.

గ్రాఫు గీసేటప్పుడు ఒక జాగ్రత్త. ధర మారితే అదే రేఖ మీద కదులుతాం. ధర కాక వేరే కారణం మారితే రేఖే జరుగుతుంది. కొత్త పంట దిగి ధర పడిందంటే సప్లై రేఖ కుడికి జరిగిందన్నమాట. డిమాండ్ రేఖను కదపకు. 'ఇతర అంశాలు మారకుండా ఉంటే' అన్న షరతును ఎప్పుడూ దాటేయకు.

ధర పెరిగితే దళారిని, పడితే రైతును తప్పుపట్టడం తేలిక. తప్పు ఎవరిదో తేల్చేముందు ఎవరి చేతిలో ఏ నిర్ణయం ఉందో, అది తీసుకునేనాటికి వాళ్లకు ఏం తెలుసో అడుగు. అలా అడగడం అలవాటైతే రైతు కష్టానికి జాలిపడటంతో ఆగవు. దాన్ని తగ్గించే దారీ వెతుకుతావు. నువ్వు ఈ చదువు చదువుతున్నందుకు నాకు సంతోషం అందుకే.

ఈ సెలవుల్లో ఒకరోజు తెల్లవారుజామున మీ ఊరి రైతుబజారుకు వెళ్లి, ఏదో ఒక కూరగాయ అమ్మే రైతుతో మాట్లాడి, ఆ లెక్క నాకు రాయి.

ఆశీస్సులతో,
పెదనాన్న