పెన్న వెంట కడలి దాకా

దూరప్రయాణం గడప దాటకముందే ఆరంభమవుతుంది. మడకశిర వంటి కరవుసీమ వాసి కొండల నుండి కడలికి రోడ్డుమార్గాన వెళ్ళదలచితే, అతనికి దారి చూపేది పెన్నానది. కర్ణాటకలోని నందికొండల ప్రాంతంలో పుట్టిన ఈ నది 597 కిలోమీటర్లు ప్రవహించి, నెల్లూరు జిల్లాలోని ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది.

అయితే నది నడిచినట్లు రహదారి నడవదు. కనుక ప్రయాణికుడు ముందుగా పటం పరచి మజిలీలు నిర్ణయించుకోవాలి. హిందూపురం, పెనుకొండ, తాడిపత్రి, గండికోట, సిద్ధవటం, సోమశిల, నెల్లూరు ఆ మార్గంలో ప్రధానమైనవి. ఎర్రని శిలల నడుమ పెన్న ప్రవహించే గండికోట లోయ వద్ద ఒక దినం ఆగినా అది వృథా కాదు.

ప్రయాణకాల నిర్ణయం మరింత ముఖ్యం. ఎగువన పెన్న సంవత్సరంలో అధికభాగం ఇసుకమేటగానే కనిపిస్తుంది. నది చెంతనే ఉన్నదని నీరు వెంట తీసుకొనని బాటసారి దప్పిక పాలవుతాడు. దిగువన పరిస్థితి వేరు. 2021 నవంబరులో ఇదే నది పొంగి, నెల్లూరు సమీపంలో జాతీయ రహదారిని కోసివేసింది. కావున తుపానులు తగ్గి, ఎండలు ముదరని జనవరి, ఫిబ్రవరి మాసాలే అనుకూలం.

కరవునూ వరదనూ ముందే తలచి బయలుదేరినవాడే క్షేమంగా సముద్రాన్ని చేరుకుంటాడు.